జగన్నాయకులు మాస్టారి తొట్టిలో మీసాల చేప

గొర్లె జగన్నాయకులు మాస్టారికి, ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. లేచి వెళ్ళి, ముందుగదిలో ఉన్న ఆరడుగుల గాజుతొట్టి మూత పక్కకు జరిపి, కుడిచెయ్యి మణికట్టుదాకా నీళ్ళలో పెడతారు. లోపలి చిన్న చేపలు వచ్చి ఆయన వేళ్ళను మూతులతో పొడుస్తాయి. కాసేపు అలా ఉంచి, చెయ్యి తీసి, భుజంమీది తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుని, అప్పుడు మాట్లాడతారు. ఆ మాట్లాడేది అడిగినదాని గురించే అయి ఉండాలన్న నియమం కూడా లేదు. భీమునిపట్నంలో ముప్ఫైఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. మొక్క ఎవరి తొందరకూ పెరగదు కదా అంటారు. ఓపిక లేనివాళ్ళు ఆయన దగ్గర నిలవలేదు. నిలిచిన నలుగురైదుగురిలో అందరికంటే పాతవాడు కోరాడ దాలినాయుడు.

ఆ దాలినాయుడు శ్రావణమాసంలో ఒక ఆదివారం, మిగిలినవాళ్ళంతా వెళ్ళిపోయేదాకా కాచుకుని అడిగాడు:

"మాస్టారూ, నేలచేప సంగతి ఆవిణ్ణి అడిగారు. నన్నెందుకు అడగలేదండీ?"

మాస్టారు లేచి, నీళ్ళలో చెయ్యి పెట్టి, తీసి, తుడుచుకున్నారు. దానికి ఆయన చెప్పిన జవాబు పూర్తి కావడానికి నాలుగు వారాలు పట్టింది.

ఈ నేలచేప గొడవేమిటో ముందు చెప్పుకోవాలి. మాస్టారిది చేపల సరదా కాదు, నీటితోట సరదా. తొట్టిలో నల్లమట్టి, దానిమీద సన్నటి ఇసక, ఆ ఇసకలో పచ్చికలా పరుచుకునే గడ్డి, వెనకాల రిబ్బన్లలాగా నీటితోపాటు ఊగే ఆకులు, వాటి మధ్య నలభై దాకా నియాన్ టెట్రాలు. అగ్గిపుల్లంత చేపలు, నీలం గీత, ఎర్రటి తోక. ఇవన్నీ నీటి నడుమ తిరిగేవి. నేలను అంటిపెట్టుకుని, ఇసకలో మీసాలు పెట్టి తిండి వెతుక్కునేవి వేరే ఉంటాయి. దుకాణాలవాళ్ళు వాటిని క్యాట్‌ఫిష్ అంటారు, మాస్టారు నేలచేప అంటారు. దాన్ని అన్నిటికంటే చివర వెయ్యాలనీ, దాన్ని సరిగ్గా ఎంచుకోగలిగినవాడికే తొట్టి అర్థమైనట్టనీ ఆయన పట్టుదల. తొట్టి పాచి తింటుంది, శుభ్రం చేస్తుంది అని ఎవరైనా నేలచేపను పనిమనిషిని పెట్టుకున్నట్టు మాట్లాడితే ఆయనకు ఒళ్ళు మండుతుంది.

మాస్టారి తొట్టిలో నేలచేపలు ఆరుండేవి. కోరీలని చిన్న జాతి, గోధుమరంగు మీద నల్లటి మచ్చలు, బొద్దుగా, పద్ధతిగా, ఎప్పుడూ గుంపుగా తిరిగేవి. పదకొండేళ్ళ కిందట వాటిని విశాఖపట్నంనుంచి స్టీలు క్యారేజీలో నీళ్ళుపోసి, ఒళ్ళో పెట్టుకుని, బస్సులో తెచ్చింది దాలినాయుడే. మాస్టారు తెమ్మన్నారు, తను తెచ్చాడు. అతనికి గుర్తున్నంతవరకు అంతే. అవి ముసలివై ఒక్కటొక్కటే పోతూ వచ్చి, చివరిది ఆషాఢంలో పోయింది. దాన్ని కాగితంలో చుట్టి పెరట్లో మల్లెపాదులో పాతిపెట్టింది కూడా అతనే. ఆ పూట భోజనం సహించలేదు.

దాలినాయుడికి తగరపువలసలో మోటార్లకు తీగ చుట్టే దుకాణం ఉంది. మాస్టారింట్లో బావి మోటారు కాలిపోతే బాగుచెయ్యడానికి వచ్చి, ముందుగదిలో తొట్టి చూసి, మోటారు సంగతే మరిచిపోయిన మనిషి. అది మొదలు పదకొండేళ్ళలో మేనల్లుడి పెళ్ళినాడు తప్ప ఒక్క ఆదివారం మానలేదు. తొట్టిలోని పాతనీళ్ళు పైపుతో లాగడం, అద్దానికి పట్టిన పాకుడు గీకడం, ఫిల్టరు కడగడం, మాస్టారు పార్వతీపురంలో చెల్లెలిగారింటికి వెళ్ళినప్పుడు తాళంచెవి పుచ్చుకుని ఇల్లూ తొట్టీ చూసుకోవడం, అన్నీ అతని పనులే. ఎనిమిది నెలల కిందటిదాకా అవి పనులని కూడా అతనికి తోచలేదు.

ఎనిమిది నెలల కిందట కెజియా వచ్చింది.

ఆమె ఊళ్ళో ఆసుపత్రిలో నర్సు. మాస్టారి కంటినరం దెబ్బతిన్నదని, ఆపరేషనుతో బాగుపడేది కాదని డాక్టరు తేల్చాక, రోజూ సాయంత్రం డ్యూటీ దిగి వెళ్తూ ఆయన కళ్ళలో చుక్కలు వేసి పోయేది. చుక్కలు వేశాక ఆయన కళ్ళు మూసుకుని పడుకోవలసిన పదినిమిషాలూ ఊరికే కూర్చోలేక తొట్టి చూసేది. ఆ పది నిమిషాలు అరగంట అయ్యాయి. ఆదివారాలు కూడా రావడం మొదలుపెట్టింది. నోటుపుస్తకం తెచ్చుకుని, మాస్టారు చెప్పిందల్లా రాసుకునేది. ఏ కణుపు కింద కత్తిరిస్తే కొమ్మ చిగురిస్తుందో ఆయన ఆమెకు పక్కన కూర్చోబెట్టుకుని చూపించేవారు. పైపు పట్టుకుని బకెట్టు దగ్గర గొంతుక్కూర్చున్న దాలినాయుడికి ఆ ఇద్దరి వీపులే కనబడేవి. "ఆ కత్తెర అమ్మాయికివ్వు నాయుడూ" అనేవారు మాస్టారు వెనక్కి తిరక్కుండానే. ఇచ్చేవాడు. ఇచ్చి, మళ్ళీ బకెట్టు దగ్గరికి వచ్చేవాడు. పదకొండేళ్ళుగా మోస్తున్న బకెట్టే, ఎందుకో ఆ మధ్యనుంచి బరువెక్కింది.

అసూయ అన్నది దాలినాయుడికి కొత్త. పక్కన ఇంకో మోటార్ల దుకాణం పెడితేనే పలకరించి టీ తాగించిన మనిషి. అలాంటివాడికి కెజియా నవ్వు వింటే కడుపు రగిలేది. ఆమె "అన్నయ్యగారూ, మీరు లేకపోతే ఈ తొట్టి ఏమయ్యేదండీ!" అని మనసారా అంటే, అది మరీ రగిలేది. ఇంతకూ ఆమె చేసిన తప్పేమిటో వెతికితే అతనికి ఒక్కటీ దొరకలేదు. దొరకనందుకు ఇంకా కోపం వచ్చింది.

ఇదంతా ఒక ఎత్తయితే, మాస్టారు దసరా వెళ్ళాక ఇల్లు కట్టిపెట్టి చెల్లెలి దగ్గరికి పోతానని ప్రకటించడం ఒక ఎత్తు. చూపు రోజురోజుకీ మసకబారుతోంది, ఒంటరిగా ఉండలేరు. ఆరడుగుల తొట్టిని పార్వతీపురం పట్టుకుపోలేరు. ఎవరికో ఒకరికి అప్పజెప్పి పోవాలి. ఎవరికన్నది ఆయన చెప్పలేదు, అడిగే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. దాలినాయుడు మాత్రం మనసులో ఆ తొట్టిని ఎప్పుడో తన ఇంటికి తెచ్చేసుకున్నాడు. అది తనది కాక ఇంకొకరిదవుతుందన్న ఊహే అతనికి పడలేదు, ఆ ఆదివారందాకా.

ఆ ఆదివారం, అందరిముందూ, మాస్టారు ఖాళీ ఇసకవైపు చూస్తూ, "ఏమమ్మా కెజియా, ఈ తొట్టికి నేలచేపగా దేన్ని వేద్దామంటావు?" అన్నారు. ఆమె గాభరాపడితే, "తొందరలేదు. ఆలోచించి వచ్చే ఆదివారం చెప్పు" అన్నారు.

దాలినాయుడి చేతిలో పైపు జారి, నీళ్ళు గచ్చంతా పారాయి. తుడిచింది కూడా అతనే.

ఆ వారం అతనికి దుకాణంలో తీగ చుట్టు తప్పింది. మరుసటి ఆదివారం కెజియా నోటుపుస్తకం తెరిచి, బళ్ళో పద్యం అప్పజెప్పేదానిలా నిలబడి చెప్పింది. "కోరీలే వేద్దామండి మాస్టారండీ. ఒక్కటి వేస్తే బెంగపెట్టుకుంటుంది, ఆరుండాలి. మనది సన్న ఇసక కాబట్టి వాటి మీసాలు అరిగిపోవు. గడ్డి వేళ్ళు పెకలించవు. మూతి చిన్నది, టెట్రాల జోలికి పోవు. వాటికి విడిగా మునిగే తిండి వెయ్యాలి, పైవాటి ఎంగిలితో సరిపెట్టకూడదు." మాస్టారు తల ఊపారు. అంతా సరిగ్గా చెప్పింది. దాలినాయుణ్ణి అడిగినా అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పేవాడు. సరిగ్గా అందుకే ఇక అది చెప్పడం అతని తరం కాలేదు.

"అవి అందరూ వేసేవే కదండీ" అన్నాడు పుల్లవిరుపుగా.

కెజియా పుస్తకం మూసింది. అందరూ వెళ్ళాక, మొదట చెప్పుకున్న ప్రశ్న అతను అడిగింది అప్పుడే. మాస్టారు చెయ్యి తుడుచుకోవడం పూర్తిచేసి, "అయితే నీకేది బాగుంటుందనిపిస్తే అదే తే నాయుడూ" అన్నారు. అంతే, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

ఇంటికి వచ్చిన దాలినాయుడు అన్నం ముందు కూర్చుని కెజియాను ఏకరువు పెట్టాడు. కళ్ళలో చుక్కలు వెయ్యడానికొచ్చినావిడ, నోటుపుస్తకం ఆవిడా, ఏం తెలుసని, అంటూ. భార్య సత్యవేణి కూర వడ్డిస్తూ అంతా విని, "ఆవిడ చెప్పింది తప్పేటి?" అంది.

"తప్పని కాదు."

"మరేటి?"

"నీకు తెలీదు, ఊరుకో."

"ఊరుకుంటాను గానీ, మొన్న ఓ వడ్రంగి వచ్చి మన ముందుగది గోడ కొలుసుకుని ఎళ్ళిపోయినాడు. మీరు పంపినారేటి?"

"నేను చెప్పేదేటి, నువ్వు మాటాడేదేటి! ఇప్పుడు వడ్రంగి గొడవెందుకే!" అని కంచం ముందునుంచి లేచిపోయాడు.

విశాఖపట్నంలో రంగుచేపల దుకాణం అతనికి కొత్తకాదు. సక్కర్ చేప చూపించారు. వద్దన్నాడు. అది మూరెడు పెరిగి మొక్కలన్నీ దున్నేస్తుందని అతనికి తెలుసు. ఇంకో రెండు చూపించారు. మూలగా ఉన్న చిన్న తొట్టిలో కోరీలు, ఇరవై దాకా, ఇసకలో మీసాలాడిస్తూ తిరుగుతున్నాయి. వాటిని చూసి చటుక్కున ముఖం తిప్పుకున్నాడు. అప్పుడు కనబడింది ఆ చేప. వేలంత పొడవు, వెండి ఒళ్ళు, దానిమీద చుక్క చుక్కగా నలుపు, తోక దాటిపోయే మీసాలు. నిలకడ లేకుండా ఆ చివరినుంచి ఈ చివరికి కొరడా విసిరినట్టు తిరుగుతోంది. పిక్టస్ అన్నాడు దుకాణదారు. "ఇది వేస్తే మిగతావాటి ముఖం ఎవరూ చూడరు సార్" అన్నాడు. ఆ మాట దాలినాయుడి గుండెలో తేనె పోసినట్టయింది. చిన్న చేపలతో ఉంటుందా అని మాటవరసకు అడిగాడు. "బేషుగ్గా ఉంటుంది సార్" అన్నాడతను మాటవరసకే. నేలచేపను ఎంచేటప్పుడు రంగు చూడకు, మూతి చూడు, దాని మూతిలో పట్టేది ఏదీ దానికి తోడు కాదు అని మాస్టారు వందసార్లు చెప్పి ఉంటారు. దాలినాయుడు మూతి చూడలేదు. చూసి ఉంటే కనబడేదే.

ఆదివారం తెచ్చి తొట్టిలో వేస్తుంటే దాని రెక్కముల్లు వలలో చిక్కుకుంది. విడదీయబోతే బొటనవేలిలో కసుక్కున దిగింది. కెజియా ఎదురుగా ఉంది. తేలు కుట్టిన దొంగలా నోరు మెదపకుండా, వేలు పిడికిట్లో దాచుకుని నవ్వాడు. "ఎంత బాగుందండీ అన్నయ్యగారూ!" అంది ఆమె. అంది నిజంగానే. తక్కినవాళ్ళూ తొట్టి చుట్టూ మూగారు. మాస్టారు మాత్రం అద్దానికి ముఖం ఆనించి, ఉన్న కాస్త చూపుతో, ఆ చేప ముందువైపు చాలాసేపు చూశారు. ఆపైన ఏమీ అనలేదు. దాలినాయుడు ఆ మౌనాన్ని మెప్పు కిందనే జమకట్టుకున్నాడు.

బుధవారం సాయంత్రం, ఫిల్టరు చప్పుడు చేస్తోందేమో చూస్తానని వంకపెట్టి వచ్చాడు. గడ్డి మూడుచోట్ల పైకి తేలి ఉంది. దాన్ని పటకారుతో మళ్ళీ నాటి, టెట్రాలను లెక్కపెట్టాడు. ముప్ఫైనాలుగు. ఆకుల వెనక దాక్కున్నాయేమోనని మళ్ళీ లెక్కపెట్టాడు. ముప్ఫైనాలుగే. నేలచేప ఒక మూల, నిండుగర్భిణిలాగా, కదలకుండా పడి ఉంది.

ఇక్కడ ఎవరైనా ఏం చేస్తారు? పొరపాటైందండీ అని చేపను వలతో ఎత్తి దుకాణంలో ఇచ్చేసి వస్తారు. దాలినాయుడు పదకొండేళ్ళ శిష్యుడు. ఆ ముక్క ఎవరితోనైనా అనగలడు గాని, కెజియా వినేలా అనలేడు. శుక్రవారంనాడు ఆరు టెట్రాలు కొని, చొక్కాజేబులో ప్లాస్టిక్ సంచితో దాచి తెచ్చి, మాస్టారు పెరట్లో ఉండగా తొట్టిలో కలిపేశాడు. ఆదివారానికి లెక్క సరిపోయింది. వచ్చే వారం తొమ్మిది కావలసివచ్చాయి. ఆపై వారం పదకొండు. రోజు విడిచి రోజు దుకాణం ముందే కట్టేసి, తగరపువలసనుంచి భీమునిపట్నం పరుగెత్తి, లేచిపోయిన గడ్డి నాటడం, పోయిన చేపలకు బదులు వెయ్యడం అతని వ్రతమైపోయింది. తనకెవరూ ఏ పనీ చెప్పకుండానే, తన చేపకు తనే జీతంలేని నౌకరు అయ్యాడు. మాస్టారికి చూపు ఆనదు కనుక గండం గడుస్తోందనుకున్నాడు. ఒక్కటి మాత్రం అతను గమనించలేదు. మాస్టారు తొట్టిలో చెయ్యి పెట్టినప్పుడు, మునుపటిలా వేళ్ళను పొడిచే మూతులు సగానికి సగం తగ్గాయి. కొత్తచేపలకు ఆ చెయ్యి తెలీదు, బెదిరి పారిపోయేవి.

నాలుగోవారం మంగళవారం. పొద్దు వాలుతుండగా, జేబులో ఎనిమిది టెట్రాలతో మాస్టారింటి మెట్లెక్కబోతూ దాలినాయుడు కిటికీలోంచి లోపలికి చూశాడు. తొట్టి దీపం ఆర్పేసి ఉంది. కెజియా తొట్టి ముందు మోకాళ్ళమీద కూర్చుని ఉంది. చీర కొంగు నడుముకు దోపుకుని, మోచేతిదాకా నీళ్ళలో పెట్టి, నేలచేప ఉండే మూలకేసి ఏదో జారవిడుస్తోంది.

దాలినాయుడికి ఒళ్ళంతా నిప్పులు పోసినట్టయింది. అదా సంగతి! గడ్డి పీకేసింది ఈవిడ. టెట్రాలను తీసేసింది ఈవిడ. తన చేపకు మందు పెడుతున్నదీ ఈవిడే! ఆ చేప కడుపు ఉబ్బి కనబడిన సంగతి, ముప్ఫైనాలుగు లెక్క, అన్నీ ఆ క్షణంలో ఎటుపోయాయో పోయాయి. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. ఇన్నాళ్ళుగా వెతుకుతున్న తప్పు ఇప్పటికి దొరికింది. చెప్పులతోనే లోపలికి దూసుకుపోయాడు.

"ఏటి వేస్తున్నారు? చెయ్యి తియ్యండి! తియ్యండి ముందు!"

కెజియా ఉలిక్కిపడి చెయ్యి తీసి, గుప్పిట విప్పింది. తడి అరచేతిలో నల్లటి గుండ్రటి మాత్రలు రెండు. నేలచేపలకు వేసే మునిగే తిండి.

"దీపం ఆర్పాక వెయ్యమని మాస్టారు చెప్పారండి. మూడు వారాలనుంచీ వేస్తున్నాను. కడుపు నిండితే చిన్నచేపల మీదికి పోవడం కాస్త తగ్గుతుందేమోనని" అంది. ఆపి, కొంచెం సర్దుకుని, "మీ చేప కదండీ అన్నయ్యగారూ. దానికి చెడ్డపేరొస్తే మీకొచ్చినట్టేనని, ఎవరితోనూ అనొద్దన్నారు" అంది.

దాలినాయుడి జేబులోని సంచిలో చేపలు గిలగిల కొట్టుకుంటున్నది చొక్కామీదనుంచే తెలుస్తోంది. దాన్ని చేత్తో అదిమిపట్టుకున్నాడు. కెజియా అది చూసింది. చూసి, చూడనట్టు, మూలనున్న బకెట్టు తెచ్చి అతని ముందు పెట్టింది, తొట్టినీళ్ళు నాలుగు మగ్గులు దాంట్లో పోసింది. కొత్తచేపలను ఎలా దింపాలో ఆమెకూ తెలుసు. అతను సంచి తీసి అందులో ఉంచాడు. ఆ ఇంట్లో అతనికి అంత సిగ్గు ఏనాడూ వెయ్యలేదు. ఆమె ఒక్క మాటైనా అని ఉంటే బాగుండునని అనిపించింది.

పడకకుర్చీలోంచి మాస్టారు గొంతు వినిపించింది. కళ్ళలో చుక్కలు వేసి ఉన్నాయి, రెప్పలు మూసే ఉన్నాయి.

"ఈవేళ ఎన్ని తెచ్చావు నాయుడూ?"

"ఎనిమిదండి." "మీకు తెలుసాండీ?"

"కంటికి తెలీలేదు. చేతికి తెలిసింది."

"తెలిసీ ఊరుకున్నారా మాస్టారూ? ఇన్ని చేపలు పోతుంటే?"

"ప్రతి ఆదివారం నువ్వు వల అడుగుతావని చూశాను. అందాకా ఈ పిల్లచేత తిండి వేయించాను. ఇంకేం చెయ్యను?"

దాలినాయుడు గచ్చుమీద కూలబడ్డాడు. వయసు నలభై మూడు. ఇద్దరు పిల్లల తండ్రి. కళ్ళనీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. ఇక దాచడానికేమీ మిగలలేదు కనుక కడుపులో ఉన్నది కక్కేశాడు. "నేను నీళ్ళు తోడడానికి, అద్దాలు గీకడానికి పనికొచ్చానండి. పదకొండేళ్ళు. నేలచేపను ఎంచాలంటే మాత్రం నిన్నగాకమొన్న వచ్చినావిణ్ణి అడిగారు. నన్నొక్కసారి అడిగి ఉంటే ఈ పాడుపని చేసేవాణ్ణా? ఒక్కసారి ఎందుకడగలేదండీ?"

మాస్టారు లేచారు. గోడ పట్టుకుంటూ తొట్టి దగ్గరికి వచ్చి మూత జరిపి చెయ్యి నీళ్ళలో పెట్టారు. చీకటి పడుతున్న నీళ్ళలో పాతచేపలు నాలుగైదు వచ్చి వేళ్ళను పొడిచాయి. తక్కినవి దూరంగా ఉండిపోయాయి.

"నువ్విక్కడికి వచ్చింది ఎప్పుడు?"

"దీపావళి వెళ్ళాకండి. మీ మోటారు కాలినప్పుడు."

"ఆ ఆరు కోరీలను తెచ్చింది?"

"ఎండాకాలం పోయాకండి. వానలు పడ్డాక. మీరు తెమ్మంటే తెచ్చాను."

"తెమ్మన్నానా?"

దాలినాయుడు అవునండి అనబోయి ఆగిపోయాడు. ఆ ఏడు తొట్టి నేల మార్చి కొత్తగా గడ్డి నాటారు. ఇసక ఖాళీగా ఉంది. మాస్టారు తనవైపు తిరిగారు. అందరిముందూ తన పేరు పెట్టి ఏదో అన్నారు. ఆ వారమంతా తను నిద్రాహారాలు మాని దుకాణాలన్నీ తిరగడం, మోటారు బిల్లు వెనకవైపు పెన్సిలుతో రాసుకోవడం, ఆ కాగితం పట్టుకుని మాస్టారి ముందు నిలబడి చదవడం, అన్నీ ఒక్కటొక్కటే గుర్తొచ్చాయి. ఆరుండాలండి, మూతి చిన్నదండి, అని. దీపావళినుంచి వానలదాకా వేళ్ళమీద లెక్కపెట్టాడు. ఎనిమిది నెలలు. కెజియా వచ్చీ అంతే.

"అప్పుడడిగాను" అన్నారు మాస్టారు. "ఆ తరవాత నిన్ను అడగవలసిన పని లేకపోయింది. వడ్రంగిని పంపేటప్పుడూ అడగలేదు."

సత్యవేణి కూర గరిటె పట్టుకుని చెప్పిన మాట అతనికి అప్పుడు చెవిన పడింది. తన ఇంటి ముందుగది గోడ, ఏడడుగులు. తొట్టి ఆరడుగులు. కన్నీళ్ళతోనే తల పైకెత్తి మాస్టారివైపు చూశాడు. కెజియా మొక్కలు చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడింది.

మాస్టారు చెయ్యి బయటికి తీశారు. తువ్వాలుతో ఒక్కొక్క వేలే తుడుచుకున్నారు, ఎప్పటికంటే నిదానంగా. తుడుచుకోవడం అయ్యాక, శిష్యుడు ఉన్నవైపు ముఖం తిప్పి, ఎంతో మెత్తగా అన్నారు:

"చెప్పు నాయుడూ. ఈ తొట్టికి నేలచేపగా దేన్ని వేద్దామంటావు? తొందరలేదు. ఆలోచించి వచ్చే ఆదివారం చెప్పు."